నిమిషానికి 24 వేల చుట్లు తిరిగే స్పిండిల్‌కు ఏ డ్రైవ్ కొనాలి? కిలోవాట్ల అంకె ఒక్కటే చూస్తే ఏమవుతుంది?

ఇంటి సింహద్వారంపై లతలు, నెమళ్లు, గజలక్ష్మి రూపాలు చెక్కడం ఒకప్పుడు వడ్రంగి ఉలి పని. ఇప్పుడు తెలుగు పట్టణాల్లో చాలాచోట్ల ఆ పనిని సీఎన్‌సీ రౌటర్ యంత్రాలు చేస్తున్నాయి. ఆ యంత్రంలో చెక్కే పరికరాన్ని పట్టుకుని తిప్పేది జానెడు పొడవున్న ఒక లోహపు స్తూపం. చూడటానికి నీటి గొట్టం ముక్కలా ఉన్నా, అది ఒక మోటారు. దాన్ని స్పిండిల్ అంటారు. నిమిషానికి 24,000 చుట్లు తిరగడం దానికి సాధారణ విషయం.

మన గోడల్లోని విద్యుత్తు సెకనుకు 50 ఆవృతాలు మాత్రమే పూర్తి చేస్తుంది. ఆ విద్యుత్తును నేరుగా అందుకునే ఇండక్షన్ మోటారు ఏదైనా నిమిషానికి 3,000 చుట్లు దాటలేదు. ఈ మూడు వేలకూ ఆ ఇరవై నాలుగు వేలకూ మధ్య దూరాన్ని పూరించే పరికరమే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్. వర్క్‌షాపుల్లో దీన్ని వీఎఫ్‌డీ అనో, డ్రైవ్ అనో పిలుస్తారు.

పెద్ద యంత్రాల తయారీదారులు స్పిండిల్‌నూ డ్రైవ్‌నూ జతగా పరీక్షించి అమ్ముతారు కాబట్టి అక్కడ కొనుగోలుదారుకు ఎంపిక భారం తక్కువ. చిక్కు వచ్చేది చిన్న వర్క్‌షాపులకు. బెంగళూరులోని పీణ్య, గుజరాత్‌లోని రాజ్‌కోట్, తమిళనాడులోని కోయంబత్తూరు, హైదరాబాద్‌లోని బాలానగర్ వంటి పారిశ్రామికవాడల్లో పాత యంత్రానికి కొత్త స్పిండిల్ బిగించుకోవడం, పాడైన డ్రైవ్ స్థానంలో మరో సంస్థ డ్రైవ్ పెట్టుకోవడం పరిపాటి. దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా ‘ఎన్ని కిలోవాట్లు?’ అన్నదే. 2.2 కిలోవాట్ల స్పిండిల్‌కు 2.2 కిలోవాట్ల డ్రైవ్ ఇస్తే లెక్క సరిపోయినట్లే కనిపిస్తుంది. అధిక వేగపు స్పిండిళ్ల విషయంలో ఆ లెక్క సరిపోదు. ఇక్కడ ముందుగా చూడవలసినవి ఫ్రీక్వెన్సీ, వోల్టేజి, ఆ రెండింటి నిష్పత్తి, ఆపైన కరెంటు. కిలోవాట్లది చివరి స్థానం.

అంత వేగం ఎందుకు?

లోహాన్నైనా చెక్కనైనా కోసేటప్పుడు ముఖ్యమైనది కోత అంచు పదార్థం మీదుగా కదిలే వేగం. పరికరం వ్యాసం పెద్దదైతే తక్కువ చుట్లలోనే ఆ వేగం వస్తుంది. వ్యాసం చిన్నదైతే చుట్లు పెరగాలి. అల్యూమినియంను నిమిషానికి 300 మీటర్ల కోత వేగంతో మిల్లింగ్ చేయాలనుకుందాం. 100 మిల్లీమీటర్ల కట్టర్‌కు నిమిషానికి సుమారు 955 చుట్లు చాలు. 6 మిల్లీమీటర్ల కట్టర్‌కు దాదాపు 15,900 చుట్లు కావాలి. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులో 0.3 మిల్లీమీటర్ల రంధ్రాన్ని నిమిషానికి 60 మీటర్ల వేగంతో తొలవాలంటే అవసరం 64,000 చుట్ల వరకు పెరుగుతుంది. బెల్టులతో, గేర్లతో ఇంత వేగం తీసుకురావడం కష్టం. అందుకే మోటారునే స్పిండిల్‌గా మలిచి, దానికి అందించే విద్యుత్తు ఫ్రీక్వెన్సీని పెంచుతారు.

డ్రైవ్ చేసే పని రెండు దశల్లో జరుగుతుంది. ముందుగా అది గోడ నుంచి వచ్చే ఏసీ విద్యుత్తును డీసీగా మార్చి కెపాసిటర్లలో నిలవ ఉంచుతుంది. తరువాత ఐజీబీటీలనే వేగవంతమైన ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో ఆ డీసీని చిన్న చిన్న తునకలుగా కత్తిరించి, కావలసిన ఫ్రీక్వెన్సీ గల మూడు ఫేజుల విద్యుత్తుగా పేర్చి మోటారుకు పంపుతుంది.

ఎంత ఫ్రీక్వెన్సీ కావాలో తెలుసుకోవడానికి ఒక సులభ సూత్రం ఉంది. కావలసిన చుట్ల సంఖ్యను మోటారులోని అయస్కాంత ధ్రువాల సంఖ్యతో గుణించి 120తో భాగించాలి. రెండు ధ్రువాల స్పిండిల్ 24,000 చుట్లు తిరగాలంటే 400 హెర్ట్జ్ కావాలి. నాలుగు ధ్రువాలున్న స్పిండిల్ అదే వేగం అందుకోవాలంటే 800 హెర్ట్జ్ కావాలి. ధ్రువాల సంఖ్య తెలియకుండా డ్రైవ్ కొనడమంటే కాలి కొలత తెలియకుండా చెప్పులు కొనడం లాంటిదే. నేమ్‌ప్లేట్‌పై ధ్రువాల సంఖ్య లేకపోయినా, గరిష్ఠ వేగమూ ఫ్రీక్వెన్సీ ముద్రించి ఉంటే ఇదే సూత్రాన్ని తిరగేసి దాన్ని తెలుసుకోవచ్చు.

స్పిండిల్‌ను కాల్చేసే ఫ్యాక్టరీ సెట్టింగ్

కొత్త డ్రైవ్‌లలో అత్యధికం మామూలు మోటార్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. పంపులు, ఫ్యాన్లు, కన్వేయర్లు నడిపే 50 హెర్ట్జ్ మోటార్లకు తగిన విలువలతోనే అవి కర్మాగారం నుంచి బయటికి వస్తాయి. అంటే డ్రైవ్ తన పూర్తి వోల్టేజిని 50 హెర్ట్జ్ దగ్గరే ఇచ్చేస్తుంది. అధిక వేగపు స్పిండిల్‌కు ఇది ప్రాణాంతకం.

కారణం ఇది. మోటారు లోపలి ఇనుప రేకుల్లో ఏర్పడే అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉంటుందన్నది వోల్టేజిని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చే నిష్పత్తిపై ఆధారపడి ఉంటుంది. మన దేశంలోని మామూలు మూడు ఫేజుల మోటారుకు 50 హెర్ట్జ్ దగ్గర 415 వోల్టులు, అంటే ఒక్కో హెర్ట్జ్‌కు 8.3 వోల్టులు. 220 వోల్టులు, 400 హెర్ట్జ్ అని రాసి ఉన్న స్పిండిల్‌కు ఈ నిష్పత్తి 0.55 మాత్రమే. ఆ స్పిండిల్ 50 హెర్ట్జ్ దగ్గర తిరుగుతున్నప్పుడు దానికి అందవలసినది 27.5 వోల్టులు. సెట్టింగు మార్చని 220 వోల్టుల డ్రైవ్ అదే 50 హెర్ట్జ్ దగ్గర 220 వోల్టులూ ఇచ్చేస్తుంది. అంటే ఎనిమిది రెట్లు.

ఇనుము అంత అయస్కాంత క్షేత్రాన్ని మోయలేదు. ఒక హద్దు దాటాక సంతృప్త స్థితికి చేరుతుంది. ఆపైన వచ్చే వోల్టేజిని అడ్డుకునేది రాగి తీగకున్న స్వల్ప నిరోధం ఒక్కటే. కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అదృష్టం ఉంటే డ్రైవ్ ఓవర్ కరెంట్ అని చూపి ఆగిపోతుంది. లేకుంటే వైండింగ్ కాలుతుంది.

‘ఎందుకైనా మంచిది’ అని స్పిండిల్ సామర్థ్యం కంటే బాగా పెద్ద డ్రైవ్ పెట్టుకున్నవారికి ఇక్కడ ప్రమాదం ఎక్కువ. 8 ఆంపియర్ల స్పిండిల్‌కు 17 ఆంపియర్ల డ్రైవ్ పెడితే, స్పిండిల్‌కు హాని చేసే కరెంటు ఆ డ్రైవ్‌కు సాధారణంగానే కనిపిస్తుంది. పెద్ద డ్రైవ్ వాడటం తప్పు కాదు. అయితే మోటారు కరెంటు పరిమితిగా 8 ఆంపియర్ల విలువను అందులో నమోదు చేయాలి.

స్పిండిల్ కలపడానికి ముందే డ్రైవ్‌లో సరిచూసుకోవలసినవి ఇవి: బేస్ ఫ్రీక్వెన్సీ, గరిష్ఠ ఫ్రీక్వెన్సీ, బేస్ ఫ్రీక్వెన్సీ దగ్గర ఇవ్వవలసిన వోల్టేజి, మోటారు కరెంటు, ధ్రువాల సంఖ్య. కొన్ని డ్రైవ్‌లలో తక్కువ, మధ్య ఫ్రీక్వెన్సీల దగ్గర వోల్టేజి ఎంత ఉండాలో చెప్పే అదనపు బిందువులు కూడా ఉంటాయి. వాటిని 50 హెర్ట్జ్ విలువలతోనే వదిలేసి బేస్ ఫ్రీక్వెన్సీ మాత్రమే మార్చితే, స్పిండిల్ మొదలయ్యే క్షణంలోనే అతిగా వోల్టేజి అందుతుంది. ఏళ్ల తరబడి చక్కగా నడిచిన యంత్రాలకూ ఈ ముప్పు తప్పదు. ఏదో లోపం చూపిస్తోందని మరమ్మతు చేసేవారు డ్రైవ్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే, ఈ విలువలన్నీ మళ్లీ 50 హెర్ట్జ్‌కు తిరిగి వెళతాయి. అందుకే సెట్టింగుల పట్టికను కాగితంపై రాసి ప్యానెల్ తలుపు లోపలి వైపున అంటించుకునే పాత అలవాటు ఇప్పటికీ మంచిదే.

తప్పు అటువైపు నుంచి కూడా జరగవచ్చు. 380 వోల్టులు, 400 హెర్ట్జ్ స్పిండిల్‌ను సింగిల్ ఫేజ్ సరఫరాతో నడిచే 220 వోల్టుల డ్రైవ్‌కు కలిపితే ఏదీ కాలదు. స్పిండిల్ తిరుగుతుంది కూడా. కానీ దాదాపు 231 హెర్ట్జ్ వరకే, అంటే సుమారు 13,900 చుట్ల వరకే దానికి పూర్తి బలం ఉంటుంది. ఆ తరువాత వోల్టేజి చాలక బలం తగ్గుతూ, కోత మొదలుకాగానే వేగం పడిపోతుంది. యజమాని కట్టర్‌నో ప్రోగ్రామునో అనుమానిస్తూ రోజులు గడిపేస్తాడు.

73 వాట్ల స్పిండిల్

నేమ్‌ప్లేట్‌పై 2.2 కిలోవాట్లు అని ఉంటే ఆ బలం అన్ని వేగాల దగ్గరా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కిలోవాట్లు అంటే తిప్పే బలం, తిరిగే వేగం రెండింటి లబ్ధం. తిప్పే బలాన్నే టార్క్ అంటారు. 24,000 చుట్ల దగ్గర 2.2 కిలోవాట్లు ఇచ్చే స్పిండిల్ టార్క్ సుమారు 0.88 న్యూటన్ మీటర్లు. అదే 2.2 కిలోవాట్లు ఇచ్చే మామూలు 1,440 చుట్ల మోటారు టార్క్ 14.6 న్యూటన్ మీటర్లు. దాదాపు 17 రెట్ల తేడా.

వేగం తగ్గించినంత మాత్రాన స్పిండిల్ టార్క్ పెరగదు. 6,000 చుట్ల దగ్గర అది ఇవ్వగలిగేది 0.55 కిలోవాట్లే. ఉక్కులో 10 మిల్లీమీటర్ల రంధ్రం తొలవడానికి నిమిషానికి సుమారు 800 చుట్లు సరైన వేగం అనుకుంటే, ఆ వేగంలో ఈ 2.2 కిలోవాట్ల స్పిండిల్ దగ్గర మిగిలేది 73 వాట్లు. మన ఇళ్లలో పాత సీలింగ్ ఫ్యాన్ తినే విద్యుత్తు అంతే ఉంటుంది.

ఇక్కడ డ్రైవ్ అమ్మేవారు ‘మాది వెక్టర్ కంట్రోల్, తక్కువ వేగంలోనూ పూర్తి టార్క్ ఇస్తుంది’ అని చెప్పడం వినిపిస్తుంది. ఆ మాట అబద్ధం కాదు, అయితే దాని అర్థం వేరు. మోటారుకు ఉన్న 0.88 న్యూటన్ మీటర్లను తక్కువ వేగంలోనూ నిలబెట్టడమే వెక్టర్ కంట్రోల్ చేసే పని. మోటారులో లేని టార్క్‌ను ఏ డ్రైవూ పుట్టించలేదు. ఉదయం ఉక్కులో పెద్ద రంధ్రాలు, మధ్యాహ్నం అల్యూమినియంలో సన్నని గాడులు చేయవలసిన వర్క్‌షాపు ఇంకా ఖరీదైన డ్రైవ్ కోసం వెతకడం కంటే, రెండు వేగ శ్రేణులకు వీలుగా స్టార్, డెల్టా మార్పిడి వైండింగ్ ఉన్న స్పిండిల్‌నో, ఆ పనికి వేరే యంత్రాన్నో ఆలోచించడం మేలు.

కెటలాగులో చిన్న అక్షరాల్లో ఉండే సంగతి

డ్రైవ్ ఇచ్చే విద్యుత్తు నున్నని అల కాదని పైన చెప్పుకున్నాం. అది తునకల వరుస. సెకనుకు ఎన్ని తునకలన్నదాన్ని క్యారియర్ ఫ్రీక్వెన్సీ అంటారు. క్యారియర్ 4 కిలోహెర్ట్జ్ అయితే, 50 హెర్ట్జ్ మోటారుకు ఒక్కో ఆవృతంలో 80 తునకలు అందుతాయి. అల ఆకారం చక్కగా కుదురుతుంది. అదే 4 కిలోహెర్ట్జ్‌తో 400 హెర్ట్జ్ ఇస్తే ఒక్కో ఆవృతానికి పది తునకలే మిగులుతాయి. 1,000 హెర్ట్జ్ దగ్గర నాలుగే. నాలుగు రాళ్లు పేర్చి గుండ్రటి గోడ కట్టినట్లుంటుంది ఆ అల.

అల గరుకుగా ఉంటే కరెంటులో అలజడి పెరుగుతుంది. అధిక వేగపు మోటార్లలో వైండింగ్ చుట్లు తక్కువ, ఇండక్టెన్స్ తక్కువ. కాబట్టి ఈ అలజడిని మెత్తబరిచే గుణం వాటికి తక్కువ. ఫలితం వేడి. అందులోనూ ముఖ్యంగా రోటరులో వేడి. స్పిండిల్ చుట్టూ నీరు తిరిగే ఏర్పాటున్నా అది బయటి స్టేటరును మాత్రమే చల్లబరుస్తుంది. మధ్యలో తిరిగే రోటరు వేడి బయటపడటానికి ఉన్న దారులు సన్నని గాలి సందు, బేరింగులు.

20 సెంటీమీటర్ల ఉక్కు షాఫ్టు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 46 మైక్రాన్లు సాగుతుంది. అచ్చుల తయారీలో ఇది చిన్న తేడా కాదు. ఉదయం మొదలుపెట్టిన గాడి లోతుకూ, రెండు గంటల తరువాత తీసిన గాడి లోతుకూ పొంతన కుదరదు. బేరింగులపై ముందస్తు ఒత్తిడి పెరిగి అవి త్వరగా అరుగుతాయి. అధిక వేగపు స్పిండిల్ తొందరగా పాడైతే నింద సాధారణంగా బేరింగుల మీదికో, గ్రీజు మీదికో పోతుంది. డ్రైవ్ అల ఆకారాన్ని అనుమానించేవారు అరుదు.

అందుకే క్యారియర్ ఫ్రీక్వెన్సీ, ఇవ్వవలసిన గరిష్ఠ ఫ్రీక్వెన్సీకి కనీసం పది రెట్లుండాలన్నది అనుభవంలో స్థిరపడిన సూత్రం. అంతకంటే ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. 400 హెర్ట్జ్ స్పిండిల్‌కు 8 నుంచి 16 కిలోహెర్ట్జ్ మధ్య పెట్టుకోవడం మేలు.

దీనికి మరో మూల్యం ఉంది. తునకలు పెరిగినకొద్దీ డ్రైవ్ లోపలి స్విచ్‌లు వేడెక్కుతాయి. కాబట్టి డ్రైవ్ పెట్టెపై ముద్రించిన ఆంపియర్లు ఒక నిర్దిష్ట క్యారియర్ దగ్గర మాత్రమే వర్తిస్తాయి. చాలా డ్రైవ్‌లలో అది తక్కువ కిలోహెర్ట్జ్ విలువే. క్యారియర్ పెంచితే సామర్థ్యం ఎంత తగ్గుతుందో చూపే గీత కెటలాగు చివరి పేజీల్లో ఉంటుంది. ఉదాహరణకు ఒక 10 ఆంపియర్ల డ్రైవ్ మనకు కావలసిన క్యారియర్ దగ్గర 30 శాతం కోల్పోతుందనుకుంటే, మిగిలేది 7 ఆంపియర్లు. మన స్పిండిల్‌కు 8 కావాలి. కిలోవాట్ల అంకెలు అక్షరాలా సరిపోయినా డ్రైవ్ చాలదు. ఒక మెట్టు పెద్దది తీసుకోవాలి. ఆ గీత ఇవ్వని తయారీదారు డ్రైవ్‌ను అధిక వేగపు స్పిండిల్‌కు కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ధర ఎంత తక్కువైనా సరే.

1,000 హెర్ట్జ్, ఆపైన నడిచే స్పిండిళ్లకు ఇది కూడా చాలదు. డ్రైవ్‌కూ స్పిండిల్‌కూ మధ్య చోక్ గానీ, సైన్ ఫిల్టర్ గానీ పెట్టమని స్పిండిల్ తయారీదారులే కోరుతారు. ఫిల్టర్ ఉంటే అందుకు తగినట్లు క్యారియర్‌ను స్థిరంగా ఉంచాలి. వేడెక్కినప్పుడు తనంతట తానే క్యారియర్‌ను తగ్గించుకునే సదుపాయం చాలా డ్రైవ్‌లలో ఉంటుంది. అది ఇక్కడ మేలు చేయదు.

599 అనే వింత అంకె

డ్రైవ్‌ల కెటలాగులు తిరగేస్తుంటే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ అన్న గడిలో 599 హెర్ట్జ్ అన్న అంకె తరచూ ఎదురవుతుంది. కొందరు తయారీదారులు 590 దగ్గరే ఆగుతారు. 600 అని గుండ్రంగా ఎందుకు పెట్టలేదు? దీనికి ఇంజినీరింగుతో సంబంధం లేదు. కారణం అంతర్జాతీయ రాజకీయం.

యురేనియంను శుద్ధి చేసే సెంట్రిఫ్యూజులు కూడా అతివేగంగా తిరిగే యంత్రాలే. వాటినీ ఫ్రీక్వెన్సీ మార్చే పరికరాలే నడుపుతాయి. అందువల్ల అణు సరఫరాదారుల బృందం తన ద్వంద్వ వినియోగ వస్తువుల జాబితాలో, కచ్చితమైన నియంత్రణతో 600 హెర్ట్జ్ లేదా అంతకు మించి పనిచేయగల ఫ్రీక్వెన్సీ మార్పిడి పరికరాలను చేర్చింది. అటువంటి వాటిని ఎగుమతి చేయడానికి అనుమతి కావాలి. ఆ బాదరబందీ లేకుండా ప్రపంచమంతా అమ్ముకోవడానికి తయారీదారులు సాఫ్ట్‌వేర్‌లోనే 599 దగ్గర గీత గీస్తారు. భారత్ ఈ బృందంలో సభ్య దేశం కాదు. అయినా ఆ మార్గదర్శకాలకు అనుగుణంగా స్కోమెట్ పేరుతో తనదైన ఎగుమతి నియంత్రణ జాబితాను నిర్వహిస్తోంది.

ఈ భయం ఊహాజనితమేమీ కాదని 2010లో లోకానికి తెలిసింది. ఇరాన్ అణు కార్యక్రమంపై గురిపెట్టిన స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్‌ను విశ్లేషించిన సిమాంటెక్ సంస్థ, అది 807 నుంచి 1,210 హెర్ట్జ్ మధ్య పనిచేస్తున్న డ్రైవ్‌ల కోసం వెతుకుతోందని ఆ ఏడాది నవంబరులో వెల్లడించింది. ఫిన్లండ్‌లో ఒక సంస్థ, ఇరాన్‌లో ఒక సంస్థ తయారుచేసిన డ్రైవ్‌లను అది గుర్తిస్తుంది. వాటి ఫ్రీక్వెన్సీని ఒకసారి 1,410 హెర్ట్జ్‌కు పెంచి, మరోసారి 2 హెర్ట్జ్‌కు పడేసి, తిరిగి 1,064కు తెస్తుంది. చెక్కపై పూలు చెక్కే యంత్రంలోని పరికరానికి దగ్గరి బంధువు అంతటి కథలో పాత్రధారి అయింది.

స్పిండిల్ కొనేవారికి దీనివల్ల కలిగే ఇబ్బంది ఎంత? నాలుగు ధ్రువాలతో 18,000 చుట్లు తిరిగే స్పిండిల్‌కు సరిగ్గా 600 హెర్ట్జ్ కావాలి. 599 దగ్గర ఆగే డ్రైవ్‌తో అది 17,970 చుట్లు తిరుగుతుంది. 30 చుట్ల తేడాకు కోతలో ఏ మార్పూ రాదు. దీనికోసం ప్రత్యేక డ్రైవ్ వెతకనవసరం లేదు. నాలుగు ధ్రువాలతో 24,000 చుట్లు, రెండు ధ్రువాలతో 60,000 చుట్లు కావలసినవారు మాత్రం అధిక ఫ్రీక్వెన్సీ నమూనాను ముందే అడిగి, అనుమతి పత్రాలకు పట్టే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. సరఫరా తేదీ తప్పితే యంత్రం ఖాళీగా ఉంటుంది. 1,000 హెర్ట్జ్ వరకు ఇస్తామని పెట్టెపై రాసుకున్న చవక డ్రైవ్‌లూ బజారులో ఉన్నాయి. ఆ అంకెను చేరడం ఒక సంగతి, అక్కడ అల ఆకారం శుభ్రంగా ఉండటం మరో సంగతి. క్యారియర్ ఎంతో అడిగి పదితో భాగిస్తే సమాధానం తెలిసిపోతుంది.

అయస్కాంతాలున్న స్పిండిల్ అయితే

ఇంతవరకు చెప్పినది ఇండక్షన్ స్పిండిళ్ల గురించి. రోటరులో శాశ్వత అయస్కాంతాలున్న సింక్రనస్ స్పిండిళ్లు ఇప్పుడు పెరుగుతున్నాయి. వీటిలో రోటరు తక్కువ వేడెక్కుతుంది, అదే పరిమాణంలో ఎక్కువ టార్క్ వస్తుంది. అయితే వీటిని నడపడానికి డ్రైవ్‌లో అందుకు తగిన నియంత్రణ పద్ధతి తప్పనిసరిగా ఉండాలి.

ఇంకో ముఖ్య విషయం ఉంది. అయస్కాంతాలు ఉన్నందున, తిరుగుతున్నంతసేపూ ఈ మోటారు జనరేటరులా వోల్టేజి పుట్టిస్తూనే ఉంటుంది. అతివేగంలో ఆ వోల్టేజి డ్రైవ్ తట్టుకోగల స్థాయిని దాటే స్పిండిళ్లు ఉన్నాయి. మామూలుగా నడుస్తున్నప్పుడు డ్రైవే దాన్ని అణచి ఉంచుతుంది. కరెంటు పోయో, మరో కారణం వల్లో డ్రైవ్ అకస్మాత్తుగా ఆగితే ఆ అణచివేత పోతుంది. అప్పుడు వోల్టేజి వెనక్కి ఎగదన్ని డ్రైవ్‌ను పాడుచేయగలదు. దీనికి వోల్టేజి రక్షణ మాడ్యూల్ అనే అదనపు భాగం అవసరమా అన్నది స్పిండిల్ తయారీదారునే అడగాలి. విద్యుత్తు తరచూ పోయే ప్రాంతాల్లో ఈ ప్రశ్నను వాయిదా వేయకూడదు.

మరలు కోసే ట్యాపింగ్ పని, పనిముట్టును తనంతట తానే మార్చుకునే ఏర్పాటు ఉన్న యంత్రాల్లో స్పిండిల్ ఏ కోణంలో ఉందో డ్రైవ్‌కు తెలియాలి. అంటే స్పిండిల్‌లో ఎన్‌కోడరు, దాన్ని చదవగల డ్రైవ్ రెండూ ఉండాలి. ఎన్‌కోడరు సంకేతాల వేగాన్ని గరిష్ఠ వేగం దగ్గర డ్రైవ్ అందుకోగలదా అన్నదీ చూసుకోవాలి. చెక్కపై చెక్కడం, రాతిపై అక్షరాలు తీయడం వంటి పనులకు ఇవేవీ అక్కర్లేదు. సాధారణ వోల్ట్ హెర్ట్జ్ పద్ధతే వాటికి చాలు.

ఆపడం కూడా ఒక పనే

తిరిగే వస్తువులో దాగిన శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒకే రోటరు 1,500 చుట్ల దగ్గర కంటే 24,000 చుట్ల దగ్గర 256 రెట్ల శక్తిని మోస్తుంది. ఆపమని ఆదేశించినప్పుడు ఆ శక్తి డ్రైవ్‌లోని కెపాసిటర్లలోకి తిరిగి వస్తుంది. మన 415 వోల్టుల సరఫరాపై అక్కడ మామూలుగా ఉండేదే దాదాపు 587 వోల్టుల డీసీ. అది ఇంకా పెరిగితే డ్రైవ్ ఓవర్ వోల్టేజ్ అని చూపి వదిలేస్తుంది. స్పిండిల్ తనంతట తాను ఆగేవరకు తిరుగుతూనే ఉంటుంది. పనిముట్టు మార్చిన ప్రతిసారీ త్వరగా ఆగాల్సిన యంత్రానికి బ్రేకింగ్ రెసిస్టరు, దాన్ని నడిపే సర్క్యూటు ఉన్న డ్రైవ్ కావాలి. రోజుకు నాలుగైదుసార్లు ఆగే రౌటర్‌కైతే ఆగే సమయాన్ని పెంచుకుంటే చాలు.

ఆపరేటరు చేతులు స్పిండిల్ దగ్గరికి వెళ్లే యంత్రాల్లో సేఫ్ టార్క్ ఆఫ్ సదుపాయం ఉన్న డ్రైవ్‌నే ఎంచుకోవాలి. ఐఈసీ 61800-5-2 ప్రమాణం దీన్ని నిర్వచిస్తుంది. మోటారుకు బలం అందకుండా ఇది నమ్మకంగా అడ్డుకుంటుంది. కానీ తిరుగుతున్న స్పిండిల్‌ను నిలబెట్టదు. ఈ తేడాను ఆపరేటర్లకు విడమరచి చెప్పాలి.

మన ఎండ, మన కరెంటు

చాలా డ్రైవ్‌ల సామర్థ్యం 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు లెక్కగట్టినది. మే నెలలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల బయటి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో, మూసి ఉన్న ప్యానెల్ లోపల అది ఇంకా ఎక్కువ. క్యారియర్ కోసం ఇప్పటికే తగ్గిన ఆంపియర్లు ఎండ వల్ల మరికొంత తగ్గుతాయి. రెండు తగ్గింపులూ కలిపి లెక్క చూడాలి. చెక్క పొడి, గ్రాఫైట్ ధూళి ఉండే చోట ప్యానెల్‌కు గాలి వడపోత తప్పదు. గ్రాఫైట్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి డ్రైవ్ లోపలికి చేరితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

మూడు ఫేజుల డ్రైవ్‌ను సింగిల్ ఫేజ్‌పై నడపాలంటే తయారీదారు అనుమతి ఉండాలి. ఉన్నా సామర్థ్యం సుమారు సగానికి పడిపోతుంది. డ్రైవ్‌కూ స్పిండిల్‌కూ మధ్య కేబులు షీల్డు ఉన్నదై, వీలైనంత పొట్టిగా ఉండాలి. పొడవు పెరిగితే మోటారు కొస దగ్గర వోల్టేజి పోట్లు డీసీ వోల్టేజికి దాదాపు రెట్టింపు వరకు ఎగయగలవు. ఎర్తింగ్ సరిగా లేకుంటే డ్రైవ్ పుట్టించే దొంగ కరెంటు బేరింగుల గుండా నేలకు దారి వెతుక్కుంటుంది. ఖరీదైన స్పిండిళ్లలో సిరామిక్ బంతులున్న బేరింగులు ఆ దారిని మూసేస్తాయి. చవక స్పిండిళ్లకు ఆ రక్షణ ఉండదు.

కొనేముందు, నడిపేముందు

స్పిండిల్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం చేతిలో లేకుండా డ్రైవ్ దుకాణానికి వెళ్లకపోవడం మంచిది. గరిష్ఠ ఫ్రీక్వెన్సీ, వోల్టేజి, కరెంటు, ధ్రువాలు, మోటారు రకం, కనీస క్యారియర్ ఎంతన్నవి అందులో ఉండాలి. డ్రైవ్ అమ్మేవారిని అడగవలసినది ఒకే వాక్యం: ‘ఈ క్యారియర్ దగ్గర, ఈ ఉష్ణోగ్రతలో, ఈ ఫ్రీక్వెన్సీ వద్ద మీ డ్రైవ్ ఎన్ని ఆంపియర్లు నిరంతరంగా ఇస్తుంది?’ జవాబును కొటేషన్‌లోనే రాసిమ్మనాలి. నోటిమాట వారంటీకి పనికిరాదు. సందేహం తీర్చుకోవడానికి స్వతంత్ర సలహా కావాలనుకునే హైదరాబాద్ పరిసరాల వర్క్‌షాపులకు బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి ప్రభుత్వ శిక్షణ సంస్థలు అందుబాటులో ఉన్నాయి.

మొదటిసారి నడిపేటప్పుడు కట్టర్ బిగించకుండా, స్పిండిల్‌కు నీరు అందుతోందని చూసుకుని, తక్కువ వేగంతో మొదలుపెట్టి మెట్లు మెట్లుగా పెంచాలి. ప్రతి మెట్టు దగ్గరా డ్రైవ్ చూపే వోల్టేజిని ఫ్రీక్వెన్సీతో భాగించి చూడాలి. 220 వోల్టులు, 400 హెర్ట్జ్ స్పిండిల్‌కు ఆ నిష్పత్తి ప్రతిచోటా 0.55 దగ్గరలోనే ఉండాలి. మరీ తక్కువ వేగాల దగ్గర కొంచెం ఎక్కువ చూపడం సహజం. ఖాళీగా తిరుగుతున్నప్పుడే కరెంటు నేమ్‌ప్లేట్ విలువను చేరుకుంటే వెంటనే ఆపాలి. చేతి క్లాంపు మీటరుతో కొలిస్తే అది ట్రూ ఆర్‌ఎంఎస్ రకమై, 400 హెర్ట్జ్ వరకు చదవగలదై ఉండాలి. 50 హెర్ట్జ్ కోసం చేసిన మామూలు మీటరు ఇక్కడ తప్పు అంకె చూపుతుంది.